అక్సోరియస్ బావ

మా అక్క భర్త పరవాడలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఆదివారం చర్చికి వెళ్లేముందు అక్క చీర ఆయనే ఇస్త్రీ చేసేవాడు. చర్చి మెట్ల దగ్గర వంగి కుచ్చిళ్లు కూడా సర్దేవాడు. అది చూసి ఆడవాళ్లు నిట్టూర్చేవారు, మగవాళ్లు మొహం తిప్పుకునేవారు.

ఒకసారి విశాఖపట్నం నుంచి ఒక పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పడానికి వచ్చారు. ఆయనకు దేవుడి మీద ఎంత భక్తో ఇంగ్లీషు మీదా అంతే. భోజనం అక్కావాళ్లింట్లో. బావ చేపముక్కలో ముళ్లు ఏరి అక్క పళ్లెంలో వేయడం చూసి, ఆయన నవ్వుతూ "యూ ఆర్ ఎ వెరీ అక్సోరియస్ మ్యాన్" అన్నారు.

బావ పులుసు చేతులతోనే దణ్ణం పెట్టాడు. "అంతా దేవుడి దయ అయ్యగారూ."

మర్నాడు కంపెనీ బస్సంతటికీ ఆ బిరుదు తెలిసిపోయింది.

నేనప్పుడు అనకాపల్లిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. అర్థం కనుక్కోమని అక్క నన్ను పంపింది. లైబ్రరీలో లావుపాటి డిక్షనరీ తీశాను. లాటిన్‌లో 'ఉక్సోర్' అంటే భార్య. దాన్నుంచి పుట్టిన ఈ మాటకు, భార్య మీద మితిమీరిన వ్యామోహం ఉన్నవాడు అని అర్థం. మా వీధిలో దాన్నే పెళ్లాం కొంగు పట్టుకు తిరగడం అంటారు.

విషయం చెప్పేసరికి బావ మొహం మాడిపోయింది. "అంటే తిట్టేడా?"

"సగం తిట్టే బావా."

అక్క మాత్రం ఇంకోటి అడిగింది. "మరి మొగుడి మీద మితిమీరిపోయిన ఆడదాన్ని ఏటంటారే?"

"ఆ డిక్షనరీలో నాకేం కనపళ్లేదు."

"ఎందుకుంటాది? అది డ్యూటీ కదా."

బావ ఇస్త్రీ మానేశాడు. అక్క కూడా ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు. ముడతల చీరలోనే చర్చికి వెళ్లి, అడిగినవాళ్లందరికీ అయ్యగారి పేరు చెప్పింది.

కొన్నాళ్లకు అయ్యగారు భార్యతో కలిసి మళ్లీ వచ్చారు. అక్క ఆయనకు అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా అడిగింది. "అయ్యగారూ, పెళ్లాన్ని ఎంతవరకు ప్రేమిత్తే మితి దాటినట్టు? కొలత సెప్పండి, మా ఆయన అక్కడికే ఆపుకుంటాడు."

అయ్యగారికి పొలమారింది. పక్కనున్న అమ్మగారు మంచినీళ్ల గ్లాసు ఆయన ముందుకు జరిపి అక్కవైపు తిరిగారు.

"ఆ మాట ఈయనకి ఎక్కడిదనుకున్నావమ్మా? పెళ్లయిన కొత్తలో మా మావగారు ఈయన్నే అనీవోరు."

బావ ఎన్నాళ్లకో హాయిగా నవ్వాడు. ఎప్పుడూ అరగంట సాగే భోజనం తర్వాతి ప్రార్థనను, అయ్యగారు ఆ రోజు రెండు ముక్కల్లో ముగించి చెప్పులేసుకున్నారు.