వేలెడు వదులు

ఆ వీధిలో టైలరు మాస్టారిని చాటుగా అందరూ వేలెడు మాస్టారంటారు. మనిషి కాస్త పొట్టి కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్ళు ఎత్తు చూసి పెట్టిన పేరనుకుంటారు. సంగతి అది కాదు. ఆయన ఏం కుట్టినా కొలత మీద వేలు పట్టేంత వదులు ఉంచుతాడు. మెడ దగ్గర ఒక వేలు, నడుము దగ్గర ఒక వేలు. ఎవరైనా ఒంటికి అతుక్కునేట్టు కుట్టమంటే “ఊపిరి పీల్చుకోవద్దటయ్యా?” అని కసురుతాడు. కుట్టించుకున్న రెండేళ్ళకి ఒళ్ళు చేసినవాళ్ళు కూడా అదే చొక్కాకి గుండీలు పెట్టుకుని, దుకాణం ముందు నుంచి దర్జాగా వెళ్తుంటారు. ముప్పై ఏళ్ళుగా ఆ వేలికి తిరుగులేదు.

ఈమధ్య ఆయన కూతురికి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మోటారుసైకిల్ మీద ఇంటింటికీ తిరిగి నమూనాలు తేవాలి. సోమవారం చేరాలి. హెల్మెట్ సంగతి నేను చూసుకుంటానన్నాడు మాస్టారు. ఆ పిల్ల అన్నం తింటుంటే వెనక నుంచి వచ్చి కనుబొమల పైనా, తల వెనక ఉబ్బు మీదా టేపు చుట్టాడు. యాభై అయిదు సెంటీమీటర్లు. కొలతలో తప్పేం లేదు. స్పేరు పార్టుల కొట్టుకి వెళ్ళి దానికి పై సైజు అడిగాడు. వాళ్ళు అడిగింది ఇచ్చి పంపారు.

“దానికి ఇరవై నాలుగేళ్ళండీ. తలకాయ ఇంకా పెరుగుతుందనుకున్నారా?” అంది భార్య, హెల్మెట్‌ని గిన్నెలా తిప్పి చూస్తూ.

“జుట్టుంది కదే!”

“మీకు లేదని దానికి కలిపారా ఏమిటి?”

శనివారం పొద్దున్న కూతురు అది పెట్టుకుని సందులో బండి నడిపి చూసింది. మలుపు దగ్గర వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తల తిప్పింది. తల తిరిగింది గానీ హెల్మెట్ తిరగలేదు. ఒక కంటికి దాని అంచు అడ్డం వచ్చింది. ఎదురుగా ఆగి ఉన్న వ్యానుకి జానెడు దూరంలో బ్రేకు పడింది. వాకిట్లో నుంచున్న మాస్టారు బండి దగ్గరికి పరుగెత్తాడు.

“నేను సరిచేస్తాను. ఇటివ్వు,” అన్నాడు.

ఇక ఆ రోజు దుకాణంలో వేరే పని ముట్టలేదు. మెరూన్ రంగు మఖమలు ముక్క తీశాడు. లోపల స్పాంజి పెట్టి, చెంపలకీ వెనక మెడకీ లైనింగు కుట్టాడు. అప్పుడు చెవులు నొక్కుకుంటాయనిపించింది. లోపలున్న తెల్లటి థర్మాకోల్‌ని రెండు వైపులా బ్లేడుతో గీకి, చెవులు ఒదిగేలా చక్కటి గుంటలు చేశాడు. ఎక్కడ కుట్టాడో వెతికినా దొరకదు.

సాయంత్రం కూతురు పెట్టుకుని “బాగుంది నాన్నా,” అంది. గోడకి నిలువెత్తు అద్దం ఉంది. దాని వంక తిరగకుండానే అంది.

మాస్టారికి ఆ ‘బాగుంది’ తెలుసు. అద్దం చూసుకోకుండా అలా అన్నవాళ్ళ బట్ట ఏనాడూ ఒంటి మీద కనబడదు, పెట్టెలోనే ఉండిపోతుంది.

“నిజం చెప్పు. కదులుతోందా?”

“కొంచెం. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కుట్టావు కదా. ఫర్వాలేదులే, నెమ్మదిగా వెళ్తాను.”

ఆయనకి రాత్రి అన్నం కూడా సయించలేదు. నచ్చని చొక్కాని పెట్టెలో పడేస్తారు, పీడా పోతుంది. ఈ పిల్ల అలా పడేయదు. నాన్న కుట్టాడని రోజూ పెట్టుకుని రోడ్డెక్కుతుంది. తన కుట్టు మీద గౌరవం కొద్దీ ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. కూతురి నోటి నుంచి ‘బాగాలేదు’ అనే మాట రాకుండా ఇన్నేళ్ళు తానే చేశాడేమో అని కూడా అనిపించింది.

ఆదివారం తండ్రీకూతుళ్ళు హెల్మెట్లు మాత్రమే అమ్మే షాపుకి వెళ్ళారు. షాపావిడ మెళ్ళో తాడుకి కళ్ళజోడు వేలాడుతోంది. దాన్ని ముక్కు మీద పెట్టుకుని, మాస్టారి హెల్మెట్ లోపలికి చెయ్యి పోనిచ్చింది.

“ఈ కుట్టు ఎవరిది?”

“నాదేనమ్మా.”

“చేతికి దణ్ణం పెట్టాలి మాస్టారూ. కానీ దీన్ని తలకి మాత్రం పెట్టకూడదు.” థర్మాకోల్ గుంటలో వేలుంచింది. “మెత్తటి స్పాంజి సుఖానికి. దెబ్బ తగిలితే నలిగిపోయి తల కాసేది ఇదిగో, ఇదీ. మీరు దీన్నే గీకేశారు.”

మాస్టారు దాన్ని తలగడలా ఉండటానికి పెట్టిన తుక్కనుకున్నాడు ఇంతవరకూ.

ఆవిడ యాభై అయిదు సైజు తెచ్చి, పట్టీలు రెండూ పక్కలకి లాగి పట్టుకుని కూతురి తలకి దించింది. బుగ్గలు ముందుకు తోసుకొచ్చాయి.

“పల్లీలు దాచుకున్న కోతిలా ఉన్నావే,” అన్నాడు మాస్టారు. అలవాటు చొప్పున నుదుటి దగ్గర వేలు దూర్చబోయాడు. “పట్టడం లేదమ్మా!”

“పట్టకూడదు. దీన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. నుదుటి చర్మం కూడా దాంతో కదలాలి. ఇప్పుడు వెనక అంచు పట్టుకుని పైకి లాగండి. ఊహూ, అలా నిమిరితే కాదు, గట్టిగా!”

గట్టిగా లాగాడు. కూతురు ముందుకు తూలింది గానీ హెల్మెట్ ఊడలేదు.

“గడ్డం కింద పట్టీలో మాత్రం మీ వేలు పట్టొచ్చు.”

“హమ్మయ్య, దానికీ ఒక చోట కొలువు దొరికింది.”

పావుగంట తీయకుండా ఉండమంది ఆవిడ. పది నిమిషాలకే కూతురు నుదురు దగ్గర తడుముకోసాగింది.

“కొత్తది కదమ్మా, సర్దుకుంటుంది,” అంది షాపావిడ, ఇంకొకరికి హెల్మెట్ అద్దం తుడిచే గుడ్డ చూపిస్తూ.

మాస్టారు కూతురి ముందుకొచ్చాడు. “చుట్టూ నొక్కుతోందా, ఒక్కచోటేనా?”

“నుదుటి మధ్యే. బుగ్గల దగ్గర బిగుతే గానీ నొప్పి లేదు నాన్నా.”

తీయించి చూశాడు. నుదుటి మధ్య బొత్తాం అంత ఎర్రటి గుర్తు. ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి పైనుంచి తల చూశాడు.

“అమ్మా, ఇది బిగుతు కాదు, కటింగు తేడా. మా అమ్మాయి తల ముందూ వెనకలకి పొడుగు, ఈ డొప్ప గుండ్రం. చొక్కా చంకలో పట్టేస్తే సైజు పెంచుతామా? పెంచితే భుజం జారుతుంది. సైజు ఇదే ఉంచి కటింగు మార్చండి.”

షాపావిడ కళ్ళజోడు సర్దుకుని, ఆ గుర్తు చూసి నాలిక కరుచుకుంది. “రోజూ అందరికీ నేను చెప్పే మాటే. హడావుడిలో నాకే తట్టలేదు చూశారా!”

లోపలికి వెళ్ళి, అదే సైజులో కోలగా ఉన్నది తెచ్చింది. పావుగంట గడిచింది. బుగ్గలు నొక్కుకునే ఉన్నాయి. నుదుటి మీద మాత్రం గుర్తు లేదు. కూతురు ఎవరూ చెప్పకుండానే అద్దం దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి, ఇటు తిరిగి, మెడ వంచి వీపు కూడా చూసుకుంది. “ఇది బాగుంది నాన్నా. అది బాగాలేదు,” అంది. రెండో ముక్క అన్నాక ఒకసారి తండ్రి మొహంలోకి చూసింది.

“మరి చెప్పవేం మొద్దూ!” అన్నాడాయన, దాని నెత్తి మీద టకటకా కొడుతూ.

ఇంటికొచ్చాక మొదటి హెల్మెట్‌ని ఒళ్ళో పెట్టుకుని లోపల తడిమి చూశాడు. మఖమలు మీద మచ్చ కూడా లేదు. తర్వాత పెద్ద కత్తెర తీసి పట్టీలు రెండూ మొదలంటా కోసేశాడు.

“కుట్టింది మీరే కోసుకోవడం ఇదే చూడటం,” అంది భార్య. ఈసారి వెటకారం లేదు.

సోమవారం కూతురు ఉద్యోగానికి వెళ్ళిన కాసేపటికి చెత్తబండి వచ్చింది. బండి మనిషి హెల్మెట్ అందుకుని మురిసిపోయాడు. “ఇంత కొత్తది పారేస్తారా మాస్టారూ? నేను పెట్టుకుంటా!” అని తిప్పి చూసి, “అరె, పట్టీలేవీ?” అన్నాడు.

“కోసేశాను. నువ్విలా అడుగుతావనే,” అన్నాడు మాస్టారు. “అది నేను పాడుచేసిన సరుకు. పెట్టుకోకు. ఇలా వచ్చి కూర్చో, నీ తల కొలవడానికి టేపు తెస్తాను.”