లంగరు ప్రశ్న

ఆయన్ని బావమరిది ‘తూకాల బావ’ అని పిలిచేవాడు. “మా బావ పిల్లల్ని పరీక్షించడండీ, ప్రశ్నల్ని పరీక్షిస్తాడు” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వేవాడు. వేళాకోళానికి అన్నా అది అబద్ధం కాదు. పరీక్షల బోర్డు మూడో అంతస్తులో కిటికీ లేని గది ఆయనది. ఏ ప్రశ్న ఎంత కష్టం, చదువు వచ్చినవాణ్ణీ రానివాణ్ణీ అది విడదీస్తుందా లేదా అని వేలకొద్దీ జవాబులు ముందేసుకుని లెక్కకట్టడమే ఉద్యోగం.

ప్రతి ఏడూ కొత్త లెక్కల పేపర్లో కొన్ని పాత ప్రశ్నలు గుట్టుగా కలుపుతారు. వాటిని లంగరు ప్రశ్నలంటారు. నిరుటికంటే ఈ ఏటి పేపరు కష్టమా తేలికా అన్నది వాటిని బట్టే తేలాలి కాబట్టి అవి బయటికి పొక్కకూడదు. ఈయన దగ్గర రహస్యం పొక్కడమా! నోట్లో నువ్వుగింజ నానడం కాదు, మొలకెత్తినా పెదవి దాటదు.

కూతురు ఆ పరీక్ష రాసే ఏడు రానే వచ్చింది. ఆయన పైఅధికారికి చెప్పి ఆ ఏటి పేపరు పని నుంచి తప్పుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! లంగరు ప్రశ్నలన్నీ బుర్రలోనే ఉన్నాయాయె. ఏం చెబితే ఏం జారిపోతుందోనని ఇంట్లో లెక్కల ఊసే ఎత్తడం మానేశాడు.

ఒక సాయంత్రం ఆయన వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే పిల్ల పుస్తకంతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నాన్నా, పెట్టెలో ఎర్రబంతులూ తెల్లబంతులూ ఉన్నాయి. ఒకటి తీసి మళ్లీ అందులో వెయ్యకపోతే రెండోదానికి లెక్కెందుకు మారుతుంది? ఎంత చదివినా బుర్రకెక్కట్లేదు.”

అచ్చంగా లంగరు ప్రశ్నే! ఆయన ఉల్లిపాయ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు:

“నాకు రాదమ్మా.”

“నీకు రాదా? నువ్వు చదివింది లెక్కలే కదా!”

“ఎప్పటి చదువు తల్లీ, మర్చిపోయాను.”

పిల్ల ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, “సర్లే” అని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ అనుమానం వచ్చినా ఆయన దగ్గరికి రాలేదు. లెక్కలే కాదు, స్నేహితురాలితో గొడవపడినా, కొత్త చెప్పులు కరిచినా అమ్మకే చెప్పుకునేది. ఆయనకి ప్రాణం ఉసూరుమనేది. పరీక్ష ఒక్కటీ అయిపోనీ, అన్నీ దగ్గర కూర్చుని చెబుతానని సర్దిచెప్పుకునేవాడు.

పరీక్ష అయ్యాక ఆఫీసులో పక్క సీటావిడ టీ తాగుతూ అంది:

“ఆ బంతుల ప్రశ్న తీసేశాం సార్. ఎప్పుడూ సగంమంది తప్పు చేసేది, ఈసారి దాదాపు అందరికీ వచ్చేసింది. నెలల కిందటే పొక్కిందట. కోచింగ్ సెంటర్లన్నిట్లో నూరిపోశారట. మార్కుల్లో కూడా కలపట్లేదు.”

ఆయన టీ చల్లారిపోయింది. ఊరంతా నములుతున్న ప్రశ్నని తానొక్కడే కూతురికి దాచాడన్నమాట. ఎవర్ని కాపాడినట్టు? ఎంత పని చేశానురా దేవుడా అనుకున్నాడు.

ఇంటికి రాగానే పిల్ల పక్కన కూర్చున్నాడు.

“ఆ బంతుల లెక్క ఇప్పుడు చెప్పనా?”

“వద్దులే నాన్నా. కోచింగ్‌కెళ్లే ఫ్రెండ్ చెప్పింది.”

“అప్పుడు రాదన్నాను గానీ, నాకు వచ్చమ్మా. నిజంగా వచ్చు.”

పిల్ల నవ్వి, చిన్నపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు ఆయన చెయ్యి నిమిరింది.

“బాధపడకు నాన్నా. నీకు లెక్కలు రావని నేనెవరికీ చెప్పలేదు. మామయ్యకి కూడా.”