టర్కీకి నాన్న కట్టిన నెమలి వేషం

మా చిన్నప్పుడు... అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ డైనింగ్ టేబుల్ మీద ఒక అట్టముక్క టర్కీ కోడి వెల్లకిలా పడుకుని ఉంది. నాన్న స్కేలు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు. నేను కుర్చీలో మోకాళ్ల మీద నిలబడి చూస్తున్నాను...

నాకప్పుడు ఐదేళ్లు. కిండర్‌గార్టెన్. థాంక్స్‌గివింగ్ వస్తోందని మా టీచర్ పిల్లలకి తలా ఒక అట్ట టర్కీ ఇచ్చి ఇంటికి పంపింది. పండక్కి పాపం దాన్ని వండుకుని తినేస్తారు కదా... ఎవరూ గుర్తుపట్టకుండా దానికి ఏదో ఒక మారువేషం వేసి తీసుకురావాలి. అదీ హోంవర్క్.

"పిల్లలే చేయాలి, పెద్దలు కాస్త సాయం చేయవచ్చు" అని చీటీలో స్పష్టంగా రాసి ఉంది. నాన్న సాయం చేశాడు. ఎంత సాయమంటే... నాకు కత్తెర పట్టుకుని నిలబడే పని మాత్రమే మిగిలింది.

మూడు సాయంత్రాలు ఇదే వరస. ఆఫీసు నుంచి రావడం, కాళ్లు కడుక్కోవడం, టర్కీ ముందు కూర్చోవడం. ఎవరింట్లోనో వ్రతానికి వెళితే అమ్మకి బొట్టు పెట్టి ఇచ్చిన నీలం జాకెట్టు ముక్క కాస్తా ఈకలైపోయింది.

"ఏమండీ, అది పట్టు ముక్కండీ!"

"ఊరుకోవోయ్, స్కూల్ ప్రాజెక్ట్."

గిన్నెలో మైదా ఉడికించి జిగురు చేశాడు. డబ్బాలో దాచుకున్న చమ్కీలన్నీ కళ్లయ్యాయి. నేను ఆగలేక, "నాన్నా, నేను ఒక్కటి అతికిస్తా" అన్నాను.

"వంకరపోతుందమ్మలూ. ముందు నన్ను ఫినిష్ చేయనీ, లాస్ట్‌లో నువ్వు చేద్దువుగాని."

ఆ లాస్ట్ రానే లేదు. టర్కీ మాత్రం నిఖార్సైన నెమలి అయిపోయింది.

మర్నాడు క్లాసులో ఒక్కొక్కరం లేచి మా టర్కీ ఎక్కడ దాక్కుందో చెప్పాలి. ఒక పిల్లాడు దూది అంటించి మంచుబొమ్మ అన్నాడు, కాళ్లు మాత్రం కోడివే. ఇంకో పిల్ల పిజ్జా అంది. ఒకటే నవ్వులు. నా నెమలిని చూడగానే అందరూ "వావ్" అన్నారు.

టీచర్ మోకాళ్ల మీద కూర్చుని అడిగింది. "శ్రావ్యా, నీ టర్కీ నెమలి ఎందుకయింది?"

నాకు తెలీదు. నిజంగా తెలీదు. అసలే నోరు విప్పని పిల్లని. "మై డాడీ నోస్" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ స్నాక్ టైమ్ అయ్యాక ఇంకో ఖాళీ టర్కీ, ఒక ట్రే నిండా కాగితం ముక్కలు నా ముందు పెట్టింది. "తప్పు చేస్తే?" అని అడిగాను. "ఇందులో తప్పని ఏదీ లేదు" అని చెప్పి వెళ్లి అటు తిరిగి కూర్చుంది. నా వైపు చూడను కూడా చూడలేదు.

అసలు ఈ కోడికి ఎక్కడైతే భయం ఉండదు అని ఆలోచించాను. ఠక్కున తట్టింది... మా ఇంట్లో!

ఒక గోధుమరంగు కవరు మీద మా తలుపు గీశాను. తోరణం, గుమ్మం ముందు ముగ్గు, పక్కన నాన్న చెప్పులు. లోపల టర్కీ పీట మీద కూర్చుని పప్పన్నం తింటోంది. జిగురు కారింది, తలుపు వంకరపోయింది. అయినా అంత ఆనందం నాకు అంతకుముందు తెలీదు. లేచి నిలబడి గట్టిగా చెప్పాను. నేను చెప్పింది టీచర్ కింద రాసింది. "మేం పప్పు తింటాం. అందుకే ఇది మా ఇంట్లో ఉంటుంది. దీనికి వేషం అక్కర్లేదు."

"గోడకి ఏది పెడదాం?" అని అడిగింది. నాదే చూపించాను. ఆవిడ దాని కింద చిన్న కార్డు అంటించింది. పేరు శ్రావ్య, వయసు ఐదు.

అసలు భయం ఇంటికొచ్చాక పట్టుకుంది. వారంలో పేరెంట్ టీచర్ మీటింగ్. నెమలి గోడ మీద లేదని తెలిస్తే నాన్న ఎంత బాధపడతాడో... పప్పన్నం కూడా సరిగ్గా తినలేదు నేను.

మీటింగ్ రోజు అమ్మతో క్లాసులోకి రాగానే నాన్న గోడంతా వెతికాడు. నా కవరు దగ్గర ఆగాడు. చదివాడు. బొమ్మలో తన చెప్పులు చూసుకున్నాడు. ఆ బుల్లి కుర్చీలో కూలబడి క్లాసు అదిరేలా నవ్వాడు.

నవ్వు ఆగాక మెల్లగా అడిగాడు. "మరి... ఆ పీకాక్?"

టీచర్ బీరువాలోంచి జాగ్రత్తగా తీసింది. నాన్న సిగ్గుపడిపోయి, "ఐ జస్ట్ హెల్ప్డ్..." అని నసిగాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "మా బళ్లో డ్రాయింగ్ క్లాసులో కూడా లెక్కలే చెప్పేవాళ్లు. ఒక్క రంగుల పెట్టె కొనివ్వమని కూడా అడగలేదు నేను. దీన్ని చూస్తే చేతులు ఊరుకోలేదే..."

అమ్మ జాకెట్టు ముక్క సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

నాన్న అన్నది అమ్మ ఇంగ్లిష్‌లో చెప్పాక, టీచర్ ఒక ఖాళీ కార్డు, క్రేయాన్ తెచ్చి నాన్న ముందు పెట్టింది. నాన్న వంగి కూర్చుని గుండ్రంగా రాశాడు. పేరు ప్రసాద్, వయసు ముప్ఫై ఆరు. మిగిలిన నవంబరంతా మా క్లాసు గోడ మీద ఇరవై ఇద్దరు పిల్లల టర్కీలు, వాటి మధ్యలో ఒక నెమలి ఉన్నాయి.

ఆ కార్డు ఇప్పటికీ నాన్న వీసా కాగితాల ఫైల్లో భద్రంగా ఉంది.

మొన్న నవంబర్‌లో మా అక్క కూతురు టర్కీ కిట్ తెచ్చుకుంది. అన్నీ ముందే కత్తిరించి, స్టిక్కర్లు కూడా వేసి ఉన్నాయి... పది నిమిషాల్లో అయిపోయింది. జిగురు లేదు, కత్తెర లేదు, పోట్లాట లేదు. నాన్న పక్కనే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్లబోతూ నన్ను అడిగాడు. "అమ్మలూ, ఖాళీ అట్టముక్క ఏమైనా మిగిలిందా?"

మీ స్కూల్ ప్రాజెక్టులు మీ ఇంట్లో ఎవరు చేశారు? నిజం చెప్పండి... కామెంట్లో వాళ్ల పేరు, అప్పటి వయసు రాయండి.