తాటిచెట్టు మీది నుంచి కనబడనిది

ప్రతి పొద్దున చెట్టెక్కే ముందు లక్ష్మీరాజం తాటి మొదలును తాకి కళ్లకద్దుకుంటాడు. "ఎల్లమ్మ తల్లీ, సల్లగ సూడు" అని నడుముకు మోకుతాడు బిగిస్తాడు. కోనరావుపేట దగ్గరి మా ఊళ్లో కల్లు గీసే గౌడన్నలందరూ చేసేదే. కల్లు నిండిన లొట్టి దించాక మాత్రం ఆయన వెంటనే దిగడు. మోకుకు వీపు ఆనించి, బడి మైదానంలో మా ఊరి ఫుట్‌బాల్ జట్టు సాధన చూస్తాడు.

బతుకుదెరువుకు పోయి ఖతర్‌లో ఉన్నన్నాళ్లు ఫుట్‌బాల్ మైదానంలో గడ్డికి నీళ్లు పట్టాడు. ఈ పిచ్చి అక్కడ అంటుకున్నదే. గట్టున నిలబడితే బంతి ఒక్కటే కనబడుతుందనీ, పైనుంచైతే మనుషుల నడిమి ఖాళీలు కనబడతాయనీ అంటాడు. గోల్ కొట్టినవాణ్ని ఊరంతా ఎత్తుకుంటే ఈయన ఇంకొకణ్ని మెచ్చుకుంటాడు.

"కుమార్ గోల్ గొట్టిండు సరే. గా రంజిత్ పక్కకురికి ఇద్దరిని ఎంబడి గుంజుకపోకుంటే వీనికి సందు యాడిది?"

ఎండాకాలం ముంజలు కొట్టి మైదానానికి పంపేది కూడా ఆయనే. జట్టుకు ఆయన మాటంటే అంత గౌరవం అందుకే.

ఈసారి జట్టు ఫైనల్‌కు చేరింది. ఆదివారం కోరుట్లలో ఆట. కానీ సెమీఫైనల్‌లో మామీద పడ్డ గోల్స్ రెండూ ఎడమవైపు నుంచే పడ్డాయి. అక్కడ కాపుకాసేది పరశురాములు. బంతితో ముందుకు బాగానే పోతాడు, వెనక్కి మాత్రం నడుచుకుంటూ వస్తాడు. చెట్టు మీది నుంచి చూసి లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది.

"ఓ పర్శరాములూ! పెండ్లిపిల్ల లెక్క నడుస్తున్నవేందిరా!"

మైదానమంతా నవ్వింది. దిగివచ్చి కెప్టెన్ కుమార్‌తో, "బద్ధకపోడు. ఫైనల్ల కూసోవెట్టు" అన్నాడు. కుమార్ సరేనన్నాడు.

మర్నాడు పరశురాములు తల్లి సమ్మక్క ఎల్లమ్మకు నైవేద్యంగా సాక పోయడానికి కల్లు కోసం వచ్చింది. చెంబు కింద పెట్టి మెల్లగా అన్నది:

"అన్నా, మా పొల్లగాన్ని బద్ధకపోడన్నవట. రాత్రంత సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేస్తడు, నిలవడే పని. పొద్దుగాల బస్సు దిగి ఇంటికి సుత రాకుంట సక్కగ గ్రౌండుకే పోతడు. కాళ్లెట్ల ఉబ్బినయో సూసినవా?"

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే టీములకెళ్లి తీసేస్తరని భయం. చెప్పకున్నా తీసేస్తిరి."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమె చెంబులో కల్లు పోసి ఇచ్చి, మైదానానికి నడిచాడు. పరశురాములు ఓ పక్కన కూర్చుని, బూటు పట్టక లేసులు మొత్తం విప్పుతున్నాడు. ఆయన్ను చూసి పాదాలు వెనక్కి లాక్కున్నాడు.

లక్ష్మీరాజం కుమార్ దగ్గరికి పోయి చెప్పాడు. "వీన్ని ఆడియ్యిరా. వీడు ముందుకు పోయినప్పుడు రంజిత్‌ను ఎనుక నిలవడుమను."

"రంజిత్ ఎనుకుంటే గోల్ ఎవలు కొట్టాలె, నువ్వా కాకా?" అన్నాడు కుమార్. తర్వాత మెత్తబడ్డాడు. "శనివారం రాత్రి కంటినిండ నిద్రవోయి రమ్మను. మొదటిసంది ఆడిపిస్త."

ఆ మధ్యాహ్నమే లక్ష్మీరాజం సిరిసిల్ల బస్సెక్కాడు. పరశురాములు పనిచేసే మరమగ్గాల షెడ్డులో సాంచాల ఆసామి నూలు కండెలు సర్దుతున్నాడు. విషయమంతా విని తల అడ్డంగా ఊపాడు.

"గిట్ల అందరు ఆటకు పోతే నా సాంచాలు ఎవలు నడుపుతరే?"

మా ఊళ్లో ఎవరినీ ఏమీ అడగని మనిషి, సాంచాల చప్పుడులో వినబడేలా గొంతు పెంచి చేతులు జోడించాడు.

"నిజమే ఆసామీ. వాని జాగల నేను నిలవడుదునంటే నాకు చెట్టెక్కుడు తప్ప సాంచ నడుపరాదాయె. తప్పు నాది. కాళ్లు సూడకుంట పదిమందిల పొల్లగాన్ని నవ్వులపాలు చేసిన. గీ ఒక్క శనివారం రాత్రి వాన్ని పండుకోనియ్యుండ్రి, మీ పుణ్యముంటది."