దూలం కన్నా వెడల్పైన ఇల్లు

ఎదురింటికి సున్నం వేస్తున్నారు. ఈ రోజుల్లో సున్నం వేయించుకునేవాళ్ళు అరుదు. అందుకే కాబోలు, ఆ తడి వాసన కిటికీలోంచి రాగానే చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. ఆ వాసన నాకు పండుగలను గుర్తుచేయదు. భుజం తగిలితే చాలు రవికెకు తెల్లగా అంటుకునే గోడలను, ఆ గోడల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే ఒక పొట్టి మనిషిని గుర్తుచేస్తుంది. ఆయన పేరు వెంకటనర్సయ్య. మేమంతా సారు అనేవాళ్ళం. ఇంటి పన్ను వేసే ఆఫీసరును ఎవరైనా ప్రేమగా తలుచుకుంటారా అని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నా జీవితంలో నేను నోరు తెరుచుకుని చూసిన మనుషులు ముగ్గురో నలుగురో ఉంటే, వాళ్ళలో మొదటివారు ఆయనే.

మాది దేవరుప్పుల దగ్గర ఒక పల్లె. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నా చదువు ఒక ఏడాది వెనకబడింది. ఆ తర్వాత నాయిన పక్షవాతంతో మంచాన పడడంతో మొత్తానికే ఆగిపోయింది. డెబ్బైల చివర్లో ఒక పురపాలక కార్యాలయంలో తాత్కాలిక గుమాస్తాగా చేరాను. ఆ ఊరి పేరు చెప్పను. జనగామ, మానుకోట వైపు రైలు ఆగే ఊళ్ళలో ఒకటనుకోండి. నాయినతో సహా అందరం అక్కడికే మారాం. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లె. నా జీతం తప్ప వేరే ఆధారం లేదు. నన్ను ఉంచాలా, తీసేయాలా అని ఆరు నెలలకోసారి ఒక కాగితం పైకి వెళ్ళేది. అది తిరిగి వచ్చేదాకా మా అమ్మ ఏదో ఒక దేవుడికి మొక్కుకుంటూనే ఉండేది.

నేను చేరిన ఏడాదే ఊరంతటికీ ఇంటి పన్ను సవరించాలని ఆర్డరు వచ్చింది. ప్రతి ఇల్లూ, ప్రతి దుకాణమూ కొలిచి, అద్దెకిస్తే ఎంత వస్తుందో అంచనా కట్టి, దాని మీద పన్ను వేయాలి. పన్నుల సెక్షన్‌కు సారే పెద్ద. రైలు కట్ట అవతలి వార్డు నాకప్పగించారు. “నువ్వయితె లోపలిదాక పోతవు బిడ్డా. మేం పోతె ఆడోల్లు తలుపు చాటుకు పోతరు. గడప కాడ్నే నిలవడి అందాజగ రాసుకొని వస్తం,” అన్నారు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. జవాను మల్లయ్య గుడ్డ టేపు కొసన ఉన్న ఇత్తడి కడియాన్ని గోడ మూలకు ఆనించి పట్టుకునేవాడు. నేను రెండో కొసన అంకె చూసి పుస్తకంలో రాసుకునేదాన్ని. రెండు నెలల్లో వార్డంతా కొలిచేశాను. నా అంత పకడ్బందీగా ఇంకెవరూ కొలవలేదని కూడా అనుకున్నాను.

సారు సంతకంతో నోటీసులు వెళ్ళాయి. ముప్పై రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీళ్ళు ముందు సారు దగ్గరికే వచ్చేవి. ఆయన విని, చూసి, తన అభిప్రాయం రాసి పైకి పంపాలి. ఒక రిజిస్టరులో ఎడమ పేజీకి దుకాణాలు, కుడి పేజీకి నివాసాలు అని రాసుకున్నారు. వారం తిరగకుండానే ఎడమ పేజీ నిండిపోయింది. గోదాముల వాళ్ళు, బట్టల కొట్ల వాళ్ళు వకీళ్ళతో టైపు కొట్టించిన అప్పీళ్ళు దొంతర్లుగా పంపారు. కుడి పేజీలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. రైలు కట్ట అవతలి ఇళ్ళ నుంచయితే ఒక్కటీ రాలేదు. “మా వార్డుల ఇండ్లోల్లకు ఎవ్వలికి ఏ తకరారు లేదు సారూ,” అన్నాను, శభాష్ అంటారనుకుని. సారు ఆ తెల్ల పేజీ మీద వేలు పెట్టారు. “తకరారు లేక కాదు బిడ్డా. మనమంటె భయం,” అన్నారు.

గడువు ఇంకో వారముందనగా సాలీబాయి వచ్చింది. మరిపెడ వైపు తండా నుంచి వచ్చి, కూలి పని చేసుకుంటూ, రైలు కట్ట అవతల ఇల్లు కట్టుకున్న మనిషి. నోటీసు కొంగున ముడేసుకుని తెచ్చింది. “ఇంటి ఎడల్పు పదమూడడుగులని రాసిన్రంట సారూ. సదివిపిచ్చుకున్న. నా దూలం ఎనిమిది మూరలు, పన్నెండడుగులు. నేను, నా పెనిమిటి మోసుకొచ్చినం. గోడల మీద ఈ కొసకెల్లి ఆ కొసకు సరిగ్గ ఆగింది. దూలం కన్న ఇల్లు ఎట్ల ఎడల్పయితది?” అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. “నేను టేపు పెట్టి కొలిచిన. మూరలు ఒక్కొక్కల చెయ్యి తీరుగ ఉంటయి,” అన్నాను. సారు నా వైపు చూడను కూడా చూడలేదు. “నడువుండ్రి, పోదాం,” అని లేచారు.

ఆ ఇంటి దూలం రెండు కొసలూ గోడల బయటి అంచుల దాకా వచ్చి ఆగాయి, ఆమె చెప్పినట్టే. మల్లయ్య కడియం పట్టుకున్నాడు, నేను అంకె చదివాను. పదమూడు. సాలీబాయి గోడ వెంట మోచెయ్యి ఆనించుకుంటూ వెళ్ళింది. సరిగ్గా ఎనిమిది మూరలు. సారు టేపు వెంబడే మల్లయ్య దగ్గరికి నడిచి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. టేపు మొదటి అడుగే లేదు. కడియం ఒకటో అంకె దగ్గర కుట్టి ఉంది. “మొదట్ల చినిగిపోయింది సారూ. పారేసుడెందుకని దర్జీతోని కుట్టిపిచ్చిన,” అన్నాడు మల్లయ్య. వాడికి అంకెలు రావు. అంకెలు వచ్చిన నేను రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆ కొస దాకా వెళ్ళి చూడలేదు. వార్డులో ప్రతి ఇల్లూ పొడవులో ఒక అడుగు, వెడల్పులో ఒక అడుగు పెరిగి కూర్చుంది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

సారు సాలీబాయికి చేతులు జోడించారు. “నీ మూరనే కరెక్టు బాయీ. తప్పు మాది,” అన్నారు. ఒక ఆఫీసరు కూలి మనిషికి చేతులు జోడించడం నేను అంతకుముందు చూడలేదు.

పై అధికారి మాత్రం తేలిగ్గా తీసుకున్నారు. “అడిగిన ఆమెకు తగ్గించండి. అడగని వాళ్ళకు మనమెందుకు చెప్పాలి?” అన్నారు. గడువు దాటితే, వేసింది తప్పు అని తెలిసినా తగ్గించే అధికారం ఎవరికీ ఉండదు. గడువుకు ఇంకా ఆరు రోజులున్నాయి. సారు “మంచిది సార్” అని బయటికొచ్చి, తన డబ్బుతో ఒక కట్ట తెల్లకాగితాలు కొని, నన్ను వెంటబెట్టుకుని రైలు కట్ట దాటారు. దారిలో అన్నారు: “అడుగు అందరికీ ఒక్కటే బిడ్డా. గంత పెద్ద గోదాముకు ఒక అడుగు ఎక్కువైతె ఆనికి తెల్వనే తెల్వది. పన్నెండడుగుల ఇంటికైతె అది మనిషి పండుకునే జాగ. తెల్వనోడేమో వకీలును పెట్టిండు. నష్టపోయినోడేమో నోరు మూసుకున్నడు.”

రాజయ్య ఇల్లు ఇప్పటికీ కళ్ళ ముందుంది. డోర్నకల్‌లో రైల్వే గ్యాంగులో చేసి రిటైరైన మనిషి. మమ్మల్ని చూసి సగం తలుపు మూసి మాట్లాడాడు. “నాకే అప్పీలు వద్దు సారూ. ఏసింది కట్టుకుంట. మీ మీద రాసి నేనేడ బతకాలె?” సారు గడప ముందు నేల మీదే కూర్చున్నారు. “నువ్వు నా మీద రాయకుంటె తగ్గించే అధికారం నాకు లేదన్నా. నేనే రాస్త, నేనే సదువుత. ఇని ఏలుముద్ర ఎయ్యి,” అని, రాసింది పైకి చదివారు: “ఈ ఇంటికి పన్ను తప్పుగా వేయబడినది. వేసిన అధికారి కొలతలు సరిచూడకయే సంతకము చేసినాడు.” రాజయ్య తలుపు పూర్తిగా తెరిచాడు. “గంత మాటెందుకు సారూ, జర మెత్తగ రాయండ్రి,” అని బతిమాలాడు. సారు ఒక్క అక్షరం మార్చలేదు. తన సంతకం మీద తనే ఫిర్యాదు రాసి, ఎదుటివాళ్ళను ఒప్పించి వేలిముద్రలు వేయించుకునే మనిషి ఉంటాడని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

ఐదు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. ఆ వార్డులోనే ఉన్న గోదాముల వాళ్ళనూ వదల్లేదు. ఒక సేటు పడీ పడీ నవ్వి, “మా వకీలుకు గిది తట్టనే లేదు సారూ,” అన్నాడు. ఆరో రోజు సాయంత్రానికి కుడి పేజీ నిండి, దానికి ఇంకా కాగితాలు అతికించాల్సి వచ్చింది. అప్పుడు ధైర్యం తెచ్చుకుని అన్నాను: “సారూ, తప్పు నాది. పైకి నా పేరు రాయండ్రి.” ఆయన కలం మూత పెట్టుకుంటూ, “ఇంటికి పో బిడ్డా, మీ నాయినకు మందేసే టైమయింది,” అన్నారు.

వార్డంతటికీ పన్ను తగ్గింది. పైనుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చిందని విని, నా వంతు కోసం ఎదురుచూశాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. నన్ను ఉంచాలన్న కాగితం ఎప్పటిలాగే వచ్చింది. సారుకు రావలసిన ప్రమోషన్ మాత్రం రాలేదు. దూరపు ఊరికి బదిలీ అయి, అదే పోస్టులో రిటైరయ్యారు. పై అధికారి మాట వినలేదు కదా, అందుకే అనుకున్నాం అందరం.

ఎనభైల మధ్యలో, అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు అయింది, పాత ఫైలు వెతుకుతుంటే ఆ మెమోకు సారు ఇచ్చిన జవాబు దొరికింది. ఆయన గుండ్రటి అక్షరాలే. “సదరు వార్డులోని కొలతలన్నియు నేనే స్వయముగా తీసితిని. గుమాస్తాకు ఇందులో ఏ సంబంధమును లేదు.” రాజయ్య అంతలా బతిమాలినా తన మీద తాను రాసుకున్న నిజంలో ఒక్క అక్షరం మార్చని మనిషి, నా కోసం ఇంత అబద్ధం రాశారు. అప్పటికి ఆయన పోయి ఏడాది దాటింది. అడగడానికి లేరు, కాళ్ళకు మొక్కడానికీ లేరు.

ఆ తర్వాత నా సర్వీసంతా, నోటీసులు వెళ్ళాక అప్పీలు రాని వీధి ఏదైనా ఉంటే ముందు అక్కడికే వెళ్ళేదాన్ని. ఆ వీధుల్లో చాలా తప్పులు దొరికాయి, చాలా దిద్దాను. ఫైలులోని ఆ ఒక్క తప్పును మాత్రం దిద్దమని అడగలేదు. తమ్ముళ్ళ చదువులు, చెల్లె పెళ్ళి, నా పెన్షను అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయని తెలిసి నోరు మూసుకున్నాను. ఇప్పుడు నా నుంచి ఎవరూ తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు, కనుక చెబుతున్నాను. ఆ వార్డు కొలిచింది సారు కాదు, నేను.