ఆగ్నేయం మూల పొగగొట్టం

ఇంగ్లండులో, కోవెంట్రీలోని మా ఇంటి ముందుగదికి పాత పొగగొట్టం ఒకటుండేది. బొగ్గు కాల్చుకునే రోజుల్లో ఇటుకలతో కట్టింది. గ్యాస్ హీటింగ్ ఎంత పెంచినా ఆ గది వేడెక్కేది కాదు. చలికాలం వచ్చిందంటే మా ఆవిడ వేళ్ళు కొయ్యబారిపోయేవి. స్వెట్టర్ గుండీ పెట్టాలన్నా, తియ్యాలన్నా నన్నే పిలిచేది. లండన్‌లో, వెంబ్లీలో ఉన్న మా అమ్మాయిది ఏటా ఒకటే గోల: "నాన్నా, అమ్మని మా ఫ్లాట్‌కి పంపించెయ్." ఆ ఏడు మా ఆవిడ కూడా తేల్చి చెప్పేసింది. గది వెచ్చబడితే ఉంటుందట, లేకపోతే వెళ్ళిపోతుందట. ఫ్యాక్టరీ పని మానేసి ఇంట్లో కూచున్నవాణ్ణి, ఆ ఇంట్లో ఒంటరిగా ఉండటం నా వల్ల కాదు. అందుకని కట్టెల స్టవ్ కొన్నాను.

పాత గొట్టంలోకి స్టీలు పైపు దింపితే ఒక్క పూట పని. కానీ ఆ గొట్టం ఉన్నది ఈశాన్యం మూల.

"ఈశాన్యంలో నిప్పు పెడతారటండీ ఎవరైనా? ఆగ్నేయంలో పెట్టించండి," అంది మా ఆవిడ.

"ఈ ఇల్లు కట్టినవాడు అక్కడే కాల్చాడే!"

"అందుకే కాబోలు అమ్ముకుని పోయాడు."

నాకు ఒళ్ళు మండింది. తెనాలిలో మా నాన్న ఇంట్లో పొయ్యి పడమటి గోడకే ఉండేది. అందరం ఆ పొయ్యి మీద వండిన అన్నం తినే పెరిగాం. ఇప్పుడు కంప్యూటర్లు నడిపేవాళ్ళు అద్దె ఫ్లాట్ చూడబోతూ దిక్సూచి పట్టుకెళ్తున్నారు. చదువు లేనివాణ్ణి మాత్రం నేనట! వాదించే ఓపిక లేక సరేనన్నాను.

స్టవ్ బిగించడానికొచ్చిన తెల్లాయన గది చూసి, "నీకు చిమ్నీ ఉందిగా, మేట్?" అన్నాడు. ఇక్కడి పనివాళ్ళకి ఎదుటివాడెవడైనా 'మేట్' అంటే నేస్తమే.

"ఉంది. అందులో పెట్టకూడదు."

ఎందుకని అడగలేదు. ఆగ్నేయం మూల గోడకి కన్నం కొట్టి, పైపు బయటికి తీసి, పైకెత్తి నిలబెట్టాడు. అది కప్పుని దాటి చాలా పైకి పోవాలి, లేకపోతే పొగ లాగదు. అంత పొడుగున లేచిందాన్ని గాలికి ఊగకుండా ఇనుప కడ్డీలతో కట్టాలి. ఇదంతా నేను లైబ్రరీలో కూచుని చదువుకున్నదే. అడిగితే, కడ్డీలు వచ్చేవారం వస్తాయి, అప్పటిదాకా స్టవ్ వెలిగించొద్దు అని చెప్పి పోయాడు.

వచ్చేవారం రానే వచ్చింది, ఆయన రాలేదు. గాలి మాత్రం వచ్చింది. పట్టపగలు ఆ పైపు ఊగి ఊగి గోడని బాదుతుంటే, లోపల కప్పుల్లో టీ వణికింది.

"ఇది కుదురుగా నిలబడ్డాక చెప్పండి, వస్తాను," అని మా ఆవిడ బ్యాగు సర్దుకుని అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాత నాకు మిగిలిన పని ఆ తెల్లాయనకి ఫోన్లే. వ్యాన్ చెడిపోయిందంటాడు, వర్షమంటాడు, వీపు పట్టేసిందంటాడు. అరవడానికి కూడా ఓపిక లేక, చివర్లో "హలో" అని ఊరుకునేవాణ్ణి. ఆ హలో వినీ వినీ విసుగెత్తాడేమో, ఒక పొద్దున్నే కడ్డీలతో దిగాడు.

ఒక కడ్డీని కప్పు దూలానికి బిగించాడు. రెండోది బిగిద్దామంటే ఆ పక్క కర్ర పుచ్చిపోయింది. పైనుంచే అరిచాడు: "ఇక్కడ గట్టిగా ఉన్నది నీ పాత చిమ్నీ ఒక్కటే, మేట్! దానికి కట్టనా? అదీ కూడదా?"

"కట్టు నాయనా, కట్టు," అన్నాను తెలుగులోనే. చెయ్యూపితే అర్థమైంది. ఇటుకల చుట్టూ ఇనుప పట్టీ వేసి కడ్డీ బిగించాడు. పైపు ఇక కదల్లేదు.

ఆ వారాంతం మా అమ్మాయి వాళ్ళమ్మని కారులో తీసుకొచ్చి దింపింది. మా ఆవిడ లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి తలెత్తి చూసింది.

"ఇదేంటండీ, ఈశాన్యాన్ని పట్టుకుని నిలబడిందే!"

"మరి దేన్ని పట్టుకోమంటావు?"

"పట్టుకుంటే పర్లేదులెండి. నిప్పయితే అందులో పెట్టలేదుగా."

లోపలికొచ్చి స్టవ్ వెలిగించి, తన కుర్చీని దాని దగ్గరికి జరిపాను. గది మెల్లగా వేడెక్కింది. చేతులు చాచుకుని కూచుని కూచుని, స్వెట్టర్ గుండీలు తనే విప్పుకుంది. నన్ను పిలవలేదు.