రికార్డు అరిగిన తరువాత

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను పగలు టెక్నికల్ స్కూల్లో ఫిట్టింగ్ పని నేర్చుకుంటూ, సాయంత్రాలు అమీర్‌పేటలో ఒక క్రైస్తవ కుటుంబం వారి వరండాలో పిల్లలకు తెలుగు చదవడం నేర్పేవాడిని. బడిలో వాళ్లకు చదువంతా ఉర్దూలోనే. అక్షరమాలతో మొదలుపెడితే కునుకు తీశారు. నాటకం పద్యాలు మాత్రం హోటల్లో రికార్డు పెడితే ముందు నిలబడి విని అందరూ నోటికి పట్టారు. అందుకని ఒక గ్రామఫోను, ఆ హోటల్ వాళ్లు అమ్మేసిన ఆ పద్యాల రికార్డు, నల్లబల్ల, బెత్తం సమకూర్చుకున్నాను. పద్యం బల్ల మీద రాసి, రికార్డు తిరుగుతుంటే ఒక్కో మాట కింద బెత్తం జరిపేవాడిని. చెవికి తెలిసిన మాటను కన్ను గుర్తుపట్టేది. పద్ధతి పనిచేసింది.

ఆ రికార్డులో పాడినతనిది పంజాగుట్ట. నాటకాల్లో వేషాలు కట్టేవాడు. రికార్డుకు పాడి వచ్చిన కొన్ని నెలలకే విషజ్వరంతో పోయాడు. అతని తల్లి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాకే ఈ సంగతి నాకు తెలిసింది. కొడుకు గొంతు ఆమెకు వినపడే చోటు ఇంకెక్కడా లేదు. రోజూ పొలం పని ముగించుకుని వచ్చేది, పద్యం అయ్యాక లేచి వెళ్లేది.

గ్రామఫోను సూదులు దొరకని కాలం. పాతవే రాయి మీద నూరి వాడుతున్నాను. ఉక్కు సూది నడిచిన ప్రతిసారీ రికార్డు మీది గాడి కొంత అరుగుతుంది. ఆమెకు అదే చెప్పాను. రోజూ పెడితే కొన్నాళ్లకు గొంతు పోతుంది, దాచిపెడదామా అని అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "దాస్తే సుత ఇనపడదు గద సారూ. పెట్టు."

పెట్టాను. మొదట తాళాల మోత పోయింది. తర్వాత మాటల అంచులు పోయాయి. చివరికి బరబరమనే చప్పుడు అడుగున ఎక్కడో ఒక మనిషి ఉన్నట్టు మాత్రం తెలిసేది.

"సారూ, పెట్టెల ఉన్నాయన దూరం పోతుండు," అంది ముందు వరుసలోని పిల్ల. ఎవరూ నవ్వలేదు. తల్లి ఒక మెట్టు పైకి జరిగింది.

ఒకరోజు చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆమె లేవలేదు. పెట్టె మూసి, వాచకం తీయించాను. అంతవరకు ఆ పద్యాలు తప్ప వాళ్లతో ఇంకేమీ చదివించలేదు. బావి నీళ్లు కాచి వడకట్టి తాగాలని చెప్పే పాఠం. అందరినీ కలిసి చదవమన్నాను.

చదివారు. వాక్యం మధ్యలో, ఆగవలసిన పని లేని చోట, అందరూ ఒక్కసారే ఊపిరి పీల్చారు. ఆఖరి మాటను ముక్కులోకి లాగి చటుక్కున వదిలారు. రికార్డులో పాడినతని పద్ధతి అది. వాళ్లకు చదువు వచ్చిందే ఆ గొంతులోంచి, చదవడమంటే అలాగే అనుకున్నారు. మామూలుగా చదవండి అన్నాను. మళ్లీ అలాగే చదివారు. ఆ చిన్న గొంతులన్నీ కలిసి ఒక మగమనిషి గొంతు అయ్యాయి.

తల్లి లేచి నిలబడింది.

"గిది నా కొడుకు ఎన్నడు పాడలే," అంది మెల్లగా. "కొత్తది పాడుతుండు."

తర్వాతి పాఠం ఈగల గురించి. పుట తిప్పమని పిల్లలకు చెప్పాను. ఆమె మళ్లీ కూర్చుంది.